బాబు తల చుట్టుకొలత మూడు చోట్ల మూడు రకాలుగా వచ్చింది, ఏది నమ్మాలి?

తణుకు_అబ్బాయి:

అందరికీ నమస్కారం. మాకు బాబు పుట్టి మొన్న మంగళవారానికి మూడు నెలలు నిండాయి. వాడి తల కొలత గురించి వారం రోజులుగా ఇంట్లో ఒకటే టెన్షన్. తెలిసినవాళ్లు ఎవరైనా చెబుతారని రాస్తున్నాను.

కడుపులో ఎదురుకాళ్లతో ఉన్నాడని 38వ వారంలో ఆపరేషన్ చేసి తీశారు. పుట్టినప్పుడు బరువు 2.9 కేజీలు, తల 34 సెంటీమీటర్లు అని డిశ్చార్జి కాగితంలో ఉంది. మా ఆవిడ, బాబు ఇంకా అత్తగారింట్లోనే ఉన్నారు. నేను శనివారం సాయంత్రం వెళ్లి సోమవారం పొద్దున్నే డ్యూటీకి వచ్చేస్తాను.

వారం కిందట ఆస్పత్రికి తీసుకెళ్తే అక్కడి సిస్టర్ గారు తల 38.5 అని రాశారు. డాక్టర్ గారు చూసి "కొంచెం తక్కువ వైపు ఉంది, నెల తర్వాత మళ్లీ చూద్దాం" అన్నారు, అంతే. రెండు రోజులు ఆగి అంగన్‌వాడీలో కొలిపిస్తే 40.5 వచ్చింది. నిన్న అత్తగారి కుట్టుమిషన్ సొరుగులో ఉన్న టేపుతో నేనే కొలిచాను, 39.2. వారంలో తల పెరిగి మళ్లీ తగ్గుతుందా?

ఇంకో సంగతి. ఎనిమిదో నెల స్కానింగ్ రిపోర్టులో "సి.ఐ. 71" అని ఉంది. నెట్‌లో వెతికితే సెఫాలిక్ ఇండెక్స్ అని వచ్చింది. అక్కడి నుంచి చదువుకుంటూ పోతే జాతులనీ, పొడుగు తలలనీ, గుండ్రటి తలలనీ ఏవేవో వచ్చాయి. నిజంగానే వాడి తల పైనుంచి చూస్తే కోలగా ఉంటుంది. వెనక కుడివైపు కొంచెం చప్పిడిగా కూడా ఉంది. అత్తగారు రోజూ లాల పోసేటప్పుడు ఆముదం రాసి, రెండు అరచేతుల మధ్య తల పట్టుకుని ఒత్తుతారు, గుండ్రంగా వస్తుందని. ఆవాల దిండు కూడా కుట్టి పెట్టారు.

మా పెద్దమ్మ చూడ్డానికి వచ్చి "తల చిన్నదిరా, చదువు అబ్బుతుందో లేదో" అనేసి వెళ్లింది. ఆ రాత్రి మా ఆవిడ అన్నం తినలేదు.

ఏ కొలత నమ్మాలి? ఒత్తడం మంచిదేనా? తల చిన్నదైతే తెలివి తగ్గుతుందా? ఆన్‌లైన్‌లో పిల్లల హెల్మెట్లు అమ్ముతున్నారు, కొనమంటారా?

ఇద్దరు_పిల్లల_తల్లి:

తమ్ముడూ, ముందు మీ ఆవిడని కడుపునిండా తినమని చెప్పండి. మా రెండోదానికి కూడా ఇలాగే వెనక ఒకవైపు చప్పిడిగా ఉండేది. మంచం ఎప్పుడూ గోడకి ఆనించి ఉండేది, అది గుమ్మం వైపే చూస్తూ పడుకునేది. పిల్లల డాక్టర్ గారు మాకు చెప్పింది ఒక్కటే, తలగడ వైపు కాళ్లు, కాళ్ల వైపు తల పెట్టి రోజు మార్చి రోజు పడుకోబెట్టమని. మెలకువగా ఉన్నప్పుడు బోర్లా వేసి పక్కనే కూర్చోమన్నారు. పదో నెలకి చాలావరకు సర్దుకుంది. హెల్మెట్ కొనలేదు. ఇప్పుడు జడ వేస్తుంటే నా చేతికి కూడా తెలియదు.

ఎముకల_గది:

బాబూ, నేను అనాటమీ చెప్పి రిటైరయ్యాను. 31 ఏళ్లు పుర్రెల మధ్యనే గడిచింది. పిల్లల డాక్టర్ని కాదు కాబట్టి మీవాడిని చూడకుండా ఏమీ తేల్చను. కొలవడం గురించి మాత్రం గట్టిగా చెప్పగలను.

మీకు వచ్చిన మూడు అంకెలు మూడు టేపులవి, మూడు చేతులవి. తల ఒక్కటే. ముందు మీ టేపు సంగతి చూడండి. కుట్టుపని టేపు ఏళ్ల తరబడి లాగి లాగి సాగిపోతుంది. దాన్ని బల్ల మీద పరిచి పక్కన స్టీలు స్కేలు పెట్టండి. స్కేలు మీద 30 ఉన్నచోట టేపు మీద ఎంత ఉందో చూసి ఇక్కడ రాయండి.

ఇక కొలిచే పద్ధతి. బాబు పాలు తాగి స్థిమితంగా ఉన్నప్పుడు మీ ఆవిడ ఒళ్లో కూర్చోబెట్టుకోవాలి. టేపు ముందు వైపు కనుబొమలకి కాస్త పైన ఆనాలి, చెవుల పైనుంచి వెళ్లాలి. వెనక వేలితో తడిమితే అన్నిటికన్నా ఎత్తుగా తగిలే చోటు ఒకటుంటుంది, దాని మీదుగా రావాలి. జుట్టు అణిగేంత బిగువు చాలు. చదివాక టేపు పూర్తిగా తీసేసి మళ్లీ వేయండి. అలా మూడుసార్లు. మూడింటిలో పెద్ద అంకె రాసుకోండి. మనం వెతికేది అక్కడ దొరికే అతిపెద్ద చుట్టు. బిగువుగా ఉన్న టేపు పైకి జారినా కిందికి జారినా అంకె తగ్గుతుంది. ఏడుస్తున్న బిడ్డకి హడావిడిలో కొలిస్తే 38.5 అలాగే వచ్చి ఉంటుందని నా అనుమానం. సిస్టర్ గారిని తప్పుపట్టను, బయట ఎంతమంది ఎదురుచూస్తున్నారో పాపం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ఇచ్చిన పట్టిక ప్రకారం మూడు నెలలు నిండిన మగబిడ్డ తల మధ్యస్థంగా 40.5 ఉంటుంది. 38.1 నుంచి 42.9 వరకు మామూలు కిందే లెక్క. ఆ పట్టిక కోసం ఆరు దేశాల పిల్లలని కొలిచారు, మన ఢిల్లీ పిల్లలూ అందులో ఉన్నారు. అంటే మీ మూడు అంకెల్లో ఏది నిజమైనా బాబు ఆ మామూలు హద్దుల గీతల లోపలే ఉన్నాడు. నాకు వాటికన్నా ముఖ్యం డిశ్చార్జి కాగితంలోని 34. మొదటి మూడు నెలలు తల నెలకి సుమారు 2 సెంటీమీటర్లు పెరుగుతుంది, తర్వాతి మూడు నెలలు 1, ఆ తర్వాత ఏడాది వరకు అర సెంటీమీటరు. 34 నుంచి 40 దగ్గరికి వచ్చాడంటే సరిగ్గా పెరుగుతున్నట్టే. ఒకే టేపుతో, ఒకే మనిషి, నెలకోసారి కొలిచి వరసగా రాయండి. డాక్టర్ గారికి అది చూపిస్తే ఆయనకి బోలెడు పని తప్పుతుంది. మీ తల, మీ ఆవిడ తల కూడా కొలిచి పక్కన రాయండి, చిన్న తలలు కుటుంబాల్లో వస్తుంటాయి.

సి.ఐ. అంటే తల వెడల్పుని పొడుగుతో భాగించి వందతో హెచ్చిస్తే వచ్చేది. కడుపులో బిడ్డకి సాధారణంగా 70 నుంచి 86 మధ్య ఉంటుంది, మీ 71 అందులోనే ఉంది. ఎదురుకాళ్ల బిడ్డ తల గర్భసంచి పై భాగంలో ఒత్తుకుని కోలగా అవడం మామూలే. తల కోలగా ఉన్నప్పుడు వెడల్పు ఒక్కటే చూసి నెలలు లెక్కగడితే తప్పొస్తుంది, చుట్టుకొలత చూడాలి. స్కానింగ్ చేసేవాళ్లకి ఆ అంకెతో ఉన్న అవసరం అది.

ఒక్క విషయం మాత్రం డాక్టర్ గారిని చూసి చెప్పమనండి. పుర్రె ఎముకల మధ్య అతుకులుంటాయి, మేము సూచర్లు అంటాం. నడినెత్తి మీద ముందు నుంచి వెనక్కి వెళ్లే అతుకు ముందే మూసుకుపోతే తల పక్కలకి పెరగలేక పొడుగ్గా సాగుతుంది. అతుకు మూసుకుంటే దానికి అడ్డంగా ఎదుగుదల ఆగుతుందని 1851లోనే విర్కో అనే జర్మన్ డాక్టరు గమనించాడు. అలాంటప్పుడు నడినెత్తి వెంట వేలు నడిపితే గట్టులా తగులుతుంది. దానికి ఆపరేషన్ ఉంది, తొందరగా పట్టుకుంటే చిన్న కోతతో పోతుంది. మాడు మెత్తగా ఉండి గట్టు ఏమీ లేకపోతే భయం లేదు. మాడు ఉబ్బినా, వాంతులు అవుతున్నా, కొలత ఉన్నట్టుండి గీతలు దాటి పెరుగుతున్నా, అసలు పెరగడం ఆగినా నెల ఆగకండి.

అత్తగారికి నా నమస్కారాలు చెప్పి ఒత్తడం మాత్రం ఆపమనండి. ఆముదం రాయండి, లాల పోయండి, సాంబ్రాణి వేయండి, ఒత్తొద్దు. ఆ వయసులో తల లోపలి నుంచి మెదడు పెరుగుతూ ఎముకలని తోస్తుంటే గుండ్రమవుతుంది, అరచేతులతో కాదు. దిండు ఏదైనా సరే నిద్రపోయే పసిబిడ్డ పక్కన ఉండకూడదు, ముఖం కూరుకుపోతే ఊపిరాడదు. పడుకోబెట్టడం వెల్లకిలానే. ఉయ్యాల్లో తల దిక్కు మార్చండి. మెడ ఒకవైపుకే తిప్పుతున్నాడేమో చూడండి. ఆన్‌లైన్ హెల్మెట్ వద్దు. అవసరమైన పిల్లలకి నిపుణులు చూసి తలకి తగ్గట్టు చేయిస్తారు.

మీ పెద్దమ్మగారి మాట దగ్గరికి వస్తాను, దాని కోసమే ఇంత రాయడానికి కూర్చున్నాను. ఐన్‌స్టీన్ మెదడు 1230 గ్రాములు తూగింది. మగవాళ్ల సగటు 1300కి పైమాటే. నోబెల్ బహుమతి వచ్చిన ఫ్రెంచి రచయిత అనటోల్ ఫ్రాన్స్‌ది 1017 గ్రాములు. గీతల లోపల ఉన్న ఒక పిల్లవాడి తల కొలత చూసి వాడి చదువు చెప్పగలిగేవాళ్లు లేరు.

ఆ నమ్మకం మీ పెద్దమ్మగారి దగ్గర పుట్టలేదు. పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లు దాన్ని శాస్త్రం పేరుతో నిలబెట్టారు. ఫిలడెల్ఫియాలో మోర్టన్ అనే డాక్టరు వందల పుర్రెలు పోగేసి, గింజలు పోసి లోపల ఎంత పడుతుందో కొలిచి, 1839లో జాతులకి వరస కట్టాడు, తర్వాత సీసపు గుళ్లతో మళ్లీ కొలిచాడు. మీరు చూసిన సెఫాలిక్ ఇండెక్స్‌ని 1840లలో రెట్జియస్ అనే స్వీడన్ అనాటమీ ప్రొఫెసర్ ప్రవేశపెట్టాడు. మన దేశంలో 1901 జనాభా లెక్కల కమిషనర్ రిస్లీ ముక్కు వెడల్పుని ఎత్తుతో భాగించి, ముక్కు ఎంత సన్ననైతే కులం అంత పైన అన్నాడు. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ థర్‌స్టన్ తలలు, ముక్కులు కొలిచే కాలిపర్లు పట్టుకుని ఊళ్లు తిరిగి, 1909లో ఏడు సంపుటాలు వేశాడు. మన తెలుగు కులాలు ఎన్నో అందులో ఉన్నాయి. నీలగిరుల్లో ఒక ఇరుల మనిషి ఎత్తు కొలిచే స్తంభాన్ని చూసి ఉరికంబం అనుకుని కొలతకి ఒప్పుకోలేదని ఆయనే రాసుకున్నాడు. నేను చదివిన రోజు నుంచి ఆ మనిషి నాకు గుర్తొస్తూనే ఉంటాడు.

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో పాత నోట్సు చూసి ఆ పొడుగు తలల, గుండ్రటి తలల పట్టిక బోర్డు మీద ఉన్నదున్నట్టు రాశాను. చివరి బెంచీలో అబ్బాయి ఒకడు క్లాసయ్యాక వచ్చి, లైబ్రరీలో పాత పుస్తకంలో తన కులం పేరు పక్కన ముక్కు కొలత చూశానని, అది నిజమేనా అని అడిగాడు. "పరీక్షకి రాదులే" అన్నాను. వాడు తలూపి వెళ్లిపోయాడు. నాకు అప్పటికే జవాబు తెలుసు. 1908 నుంచి రెండేళ్ల పాటు ఫ్రాంజ్ బోయస్ అనే మానవశాస్త్రవేత్త న్యూయార్క్‌లో దాదాపు 18 వేల మంది వలసజనాన్నీ వాళ్ల పిల్లలనీ కొలిపించాడు. యూరప్‌లో పుట్టిన పిల్లలకీ, అలాంటి కుటుంబాల్లోనే అమెరికాలో పుట్టిన పిల్లలకీ తల ఆకారం తేడాగా వచ్చింది. జాతికి మారని గుర్తు అని చెప్పుకున్న అంకె ఒక్క తరంలో కదిలింది. ఆ తేడా ఎంత పెద్దదన్న దాని మీద తర్వాత వాదాలు నడిచాయి, నడవనీ. ఆ మధ్యాహ్నం వాడికి ఇదంతా కూర్చోబెట్టి చెప్పాల్సింది. మీ ఆవిడ అన్నం తినలేదని చదవగానే వాడి ముఖం కళ్ల ముందుకొచ్చింది. అందుకే మీకు పూర్తిగా చెబుతున్నాను.

తణుకు_అబ్బాయి:

మేడమ్, మీరు రాసింది ఫోన్‌లో మా ఆవిడకి చదివి వినిపించాను. రెండుసార్లు చదవమంది. శనివారం వెళ్లగానే టేపు చూస్తాను. థాంక్స్ అన్న మాట చాలా చిన్నది.

ఫస్టియర్_బెంచి:

మేడమ్, నమస్తే. ఎంబీబీఎస్ ఫస్టియర్. సీనియర్ దగ్గర బోన్ సెట్ కొన్నాను, రాత్రుళ్లు పుర్రె పెట్టుకునే చదువుతున్నా. మీరు రాసింది చదివాక ఒక డౌట్. జాతుల సంగతి అంత తప్పయితే మరి పుర్రె కొలతలు ఇప్పుడు ఎందుకు? ఆపేయొచ్చు కదా? రూమ్మేటూ నేనూ ఒకే పుర్రె కొలిస్తే పొడుగులో 3 మిల్లీమీటర్లు తేడా వచ్చింది, అది ఎలా సరిచేయాలి?

ఎముకల_గది:

ముందు ఆ 3 మిల్లీమీటర్లు. కాలిపర్ ఒక మొనని కనుబొమల మధ్య గ్లాబెల్లా మీద పెట్టి, జారకుండా ఎడమచేతి వేళ్లతో పట్టుకో. రెండో మొనని వెనక మధ్యగీత మీద మెల్లగా పైకీ కిందికీ నడుపు, కళ్లు స్కేలు మీద ఉంచు. అంకె పెరుగుతూ పెరుగుతూ ఒకచోట ఆగి మళ్లీ తగ్గుతుంది. ఆగిన చోటే కొలత. ముందే ఒక చోటు అనుకుని మొన అక్కడ పెట్టేస్తే తేడా వస్తుంది, మీ ఇద్దరిలో ఒకరు అదే చేసి ఉంటారు. వెడల్పు కూడా అంతే, నెత్తికి రెండు పక్కలా ఉండే పెరైటల్ ఎముకల మీద వెతుక్కోవాలి. పొడుగు 178, వెడల్పు 135 వచ్చాయనుకో, ఇండెక్స్ 75.8. మూడుసార్లు కొలువు, మొదటి అంకె రూమ్మేట్ రాసుకుని నీకు చూపించకూడదు. అంకె ముందే తెలిస్తే చెయ్యి అటే పోతుంది, నా చెయ్యీ పోయేది.

ఆ పుర్రెని పట్టుకునేటప్పుడు రెండు చేతులూ వాడు. కంటి గుంతల్లో వేళ్లు పెట్టి ఎత్తొద్దు, అక్కడి ఎముక కాగితంలా ఉంటుంది. పైగా అది ఒక మనిషిది. మా డిపార్ట్‌మెంట్‌లో దవడ మీద ఇండియన్ ఇంకుతో నంబరు మాత్రమే ఉండేది, పేరు ఉండేది కాదు. 1985లో నిషేధం వచ్చేదాకా మన దేశం నుంచి అస్థిపంజరాలు విదేశాలకి ఎగుమతి అయ్యేవి. వాళ్లెవరో ఎవరూ రాసిపెట్టలేదు. మోర్టన్ పుర్రెల విషయంలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ మ్యూజియం 2021లో క్షమాపణ చెప్పింది.

ఆపేయొచ్చు కదా అన్నావు. రేపు నీ ముందుకి తలకి దెబ్బ తగిలిన మనిషి వస్తాడు. జైగోమాటిక్ ఆర్చ్, అంటే చెంప ఎముక వంపు, దాని మధ్య నుంచి 4 సెంటీమీటర్లు పైన టెరియాన్ అనే కణత దగ్గరి అతుకుల చోటు ఉందని, దాని లోపల మెదడు పొరలకి రక్తం ఇచ్చే మెనింజియల్ ధమని పోతుందని తెలిసినవాడే అక్కడ రక్తం గడ్డ ఉందేమోనని అనుమానిస్తాడు. ఆ 4 కూడా పుర్రెలు కొలిస్తేనే వచ్చింది. కంటి గుంత కింది అంచుని చెవి రంధ్రం పై అంచుతో కలిపే గీత 1880లలో ఫ్రాంక్‌ఫర్ట్‌లో అందరూ ఒప్పుకున్నది. ఈరోజు పళ్లకి క్లిప్పులు వేసే డాక్టరు ఎక్స్‌రే మీద ఆ గీతే చూస్తాడు.

ఇంకొకటి, దీన్ని నేను ప్రతి బ్యాచ్‌కీ చెప్పేదాన్ని. 1920లో నాగపూర్ సైన్స్ కాంగ్రెస్‌లో గణాంకశాస్త్రవేత్త మహలనోబిస్‌ని అన్నండేల్ అనే జంతుశాస్త్రవేత్త కలిసి, కలకత్తా ఆంగ్లో ఇండియన్ల కొలతలు ఉన్నాయి, లెక్క చూడమన్నాడు. తల పొడుగైతే వెడల్పూ కొంత పెరుగుతుంది కదా, రెండిటినీ విడివిడిగా లెక్కేస్తే ఒకే తేడాని రెండుసార్లు లెక్కేసినట్టు. ఆ చిక్కు తీయడానికి కట్టిన సూత్రమే మహలనోబిస్ దూరం. రిస్లీ అంకెలు కూడా ఆయన తిరగేసి తప్పులు పట్టి 1933లో అచ్చువేశాడు. ఆయన దగ్గరికి 1941లో వెళ్లినవాడు మన సి.ఆర్. రావు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదివిన తెలుగువాడు. 1946లో ఆయన్ని కేంబ్రిడ్జ్ మ్యూజియానికి పంపారు. సూడాన్‌లో జెబెల్ మోయా అనే చోట తవ్వితీసిన పాతకాలపు ఎముకల కొలతలు ఆయన చేతికొచ్చాయి. ఆ మనుషులు ఎవరికి దగ్గర, ఎవరికి దూరం అన్నది అక్కడి ప్రశ్న. ఎవరు పైన, ఎవరు కింద అని కాదు. అదే కేంబ్రిడ్జ్‌లో ఫిషర్ అనే గణాంకశాస్త్రవేత్త దగ్గర డాక్టరేట్ చేసి, 2023లో 102 ఏళ్ల వయసులో పోయారు. పుర్రెల కోసం, మనుషుల కోసం కట్టిన ఆ దూరపు లెక్కే ఈరోజు కంప్యూటర్లలో గుంపుకి దూరంగా ఉన్న అంకెని పట్టుకోవడానికి వాడుతున్నారు. కాలిపర్ పట్టుకున్నప్పుడు ఆయన్ని తలుచుకో.

తణుకు_అబ్బాయి:

మేడమ్, ఐదు వారాలు పట్టింది మళ్లీ రాయడానికి, క్షమించండి.

ఆ శనివారమే టేపు పక్కన స్కేలు పెట్టి చూశాను. స్కేలు 30 దగ్గర టేపు 29.4 చూపించింది. లెక్కేస్తే నా 39.2 నిజానికి 40.0 అయింది. కొత్త టేపు కొని మీరు చెప్పినట్టు మూడుసార్లు కొలిచాం: 39.9, 40.1, 40.1. డాక్టర్ గారు నడినెత్తి మీద వేలితో తడిమి చూశారు, గట్టు లేదన్నారు, మాడు బాగుందన్నారు. మొన్న నాలుగు నెలలు నిండాక కొలిస్తే 41.2. నా తల 54, మా ఆవిడది 52.5. అవి కూడా రాసి చూపిస్తే డాక్టర్ గారు నవ్వి "ఇంకేం, మీ వాడే" అన్నారు.

అత్తగారికి చెప్పడం కష్టమనుకున్నాం. మీ ఉత్తరం మొత్తం మా ఆవిడే చదివి వినిపించింది. అత్తగారు ఏమీ అనలేదు. మర్నాడు చూస్తే దిండు కుట్లు విప్పి, ఆవాలు కడిగి ఎండబెట్టి పోపుడబ్బాలో పోసేశారు. ఇప్పుడు ఉయ్యాల్లో తల దిక్కు రోజూ ఆవిడే మారుస్తున్నారు, ఏ రోజు ఎటో క్యాలెండర్ మీద పెన్సిల్‌తో బాణం గుర్తు వేస్తున్నారు.

వచ్చే నెల కొలత తీయగానే ఇక్కడే రాస్తాను.